గేటు పడితే ఇంజను ఆపేవాళ్ళం

మా రోజుల్లో రైల్వే గేటు పడిందంటే రోడ్డు మీద ఇంజన్లన్నీ ఆగిపోయేవి. ముందున్న లారీ ఆగేది, దాని వెనక మా బస్సు, దాని వెనక జీపు, ట్రాక్టరు, రాజ్‌దూత్ మోటారు సైకిలు. ఒకరిని చూసి ఒకరు కట్టేసేవాళ్ళు. చెప్పేవాడు లేడు, బోర్డు లేదు, జరిమానా లేదు. ప్రయాణికులు కిందికి దిగి నడుం సరిచేసుకునేవాళ్ళు. జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఆడవాళ్ళు కిటికీల కింద తిరుగుతుంటే వాళ్ళ బేరాలు చివరి సీటు దాకా వినబడేవి. రైలు కంటికి ఆనకముందే దాని కూత చెవిన పడేది. "వస్తుంది, ఎక్కండెక్కండి" అని కండక్టర్ కేకేసేవాడు. రైలు దాటి, గేటు కీపర్ చక్రం తిప్పడం మొదలుపెట్టాక గానీ ఎవరూ సెల్ఫ్ కొట్టేవాళ్ళు కాదు.

మా ఇంటికి దగ్గర్లో ఇంకా ఒక గేటు మిగిలి ఉంది. పొద్దున పాల ప్యాకెట్టుకు వెళ్తూ చూస్తుంటాను. గేటు ఎంతసేపు పడితే అంతసేపూ కార్లు అద్దాలు బిగించుకుని, ఏసీ వేసుకుని, స్టార్టింగులోనే ఉంటాయి. వాటి మధ్య ఇరుక్కున్న స్కూటర్ల మీద ఆడపిల్లలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. స్కూటర్లూ స్టార్టింగులోనే. రైలు కూత ఆ రొదలో కలిసిపోతుంది. ఒకరోజు ఒక కారు అద్దం మీద తట్టి "బాబూ, గేటు ఇప్పట్లో లేవదు, ఆపరాదా" అన్నాను. "ఏసీ ఆగిపోతుంది అంకుల్" అన్నాడు. డిసెంబరు నెల, పొద్దున ఏడు గంటలు. నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, చివరి సంవత్సరాల్లో కొత్తగా వచ్చిన పిల్లలకు డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరుగా స్టీరింగు నేర్పి రిటైరైనవాణ్ణి. అందుకని ఈ సంగతి నాకు మామూలు చాదస్తంగా అనిపించదు. మా చేతికి వచ్చిన పాత బస్సుల్లో తాళంచెవి తిప్పితే ఇంజను ఆగేది కాదు. డ్యాష్‌బోర్డు కింద నల్లటి బుడిపె ఒకటి, దానికో తీగె ఉండేది. ఆ బుడిపెను లాగి పట్టుకోవాలి. పంపులోకి డీజిల్ ఆగి, ఇంజను రెండు మూడుసార్లు వణికి, అప్పుడు ఆగేది. తొందరపడి వదిలేస్తే మళ్ళీ అందుకునేది. ఇంజను డ్రైవరు పక్కనే బానెట్టు కింద ఉండేది కాబట్టి ఆ చివరి వణుకు బానెట్టు మీద పెట్టిన టీ గ్లాసులో కనబడేది. టీ కదలడం ఆగిందంటే బండి ఆగినట్టు. అంత పనిపెట్టే బండినే ప్రతి టర్మినల్లో, ప్రతి గేటు దగ్గర, టీకి ఆగిన ప్రతి చోటా ఆపేవాళ్ళం. ఇప్పుడు బొటనవేలితో ఒక బటన్ నొక్కితే ఆగే బండిని ఆపడానికి మనుషులకు చేయి రావడం లేదు.

అప్పుడు అస్సలు స్టార్టింగులో పెట్టేవాళ్ళం కాదని అబద్ధం చెప్పను. పెట్టేవాళ్ళం, దానికి కారణాలుండేవి. బ్యాటరీ వీకైతే ఒకసారి ఆపిన బండి మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. అలాంటి బండి ఇచ్చిన రోజు మనసంతా రోడ్డు వాలు మీదే ఉండేది. ఎక్కడ ఏటవాలు ఉందో చూసుకుని, ముక్కు కిందికి పెట్టి ఆపుకునేవాళ్ళం, సెల్ఫ్ అందుకోకపోతే దొర్లించి గేరులో పట్టుకోవచ్చని. ఏటవాలు దొరకని చోట ప్రయాణికులు దిగి తోసేవాళ్ళు, వాళ్ళలో కొత్త బట్టలతో పెళ్ళికి పోతున్నవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇంకొకటి గాలి. ఎయిర్ బ్రేకుల బండికి ట్యాంకులో గాలి ఎక్కాలి. రాత్రంతా డిపోలో నిలబడ్డ బస్సుకు పొద్దున్నే మీటరు ముల్లు పైకి వచ్చేదాకా ఇంజను తిరగాల్సిందే, గాలి లేని బస్సును కదిలించడమంటే బ్రేకులేని బస్సును కదిలించడమే. అంబాసిడర్, ఫియట్ కార్లవాళ్ళు చలికాలం పొద్దున చోకు లాగి, కాసేపు వేడెక్కించి గానీ గేరు వేసేవాళ్ళు కాదు. కార్బురేటరు బండికి అది తప్పదు.

ఆ కారణాలన్నీ పోయాయి. కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది, చోకు లాగేవాడు లేడు. కొత్త బండిని స్టార్టు చేసి అరనిమిషంలో నెమ్మదిగా కదిలిస్తే పరుగులోనే వేడెక్కుతుంది, నిలబెట్టి వేడెక్కించాల్సిన అవసరం లేదు. సెల్ఫ్ మోటార్లు గట్టిపడ్డాయి. సిగ్నల్లో ఆగగానే తనంతట తాను ఆగి, క్లచ్చు నొక్కగానే లేచే మోటారు సైకిలు 2014లోనే మన మార్కెట్లోకి వచ్చింది, హీరోవాళ్ళ స్ప్లెండర్ ఐస్మార్ట్. కార్లలోనూ ఆ ఏర్పాటు వచ్చింది. చాలామంది బండి ఎక్కగానే ముందు చేసే పని బటన్ నొక్కి ఆ ఏర్పాటును పనిచేయకుండా చేయడం. మా అల్లుడూ అదే చేస్తాడు. ఆగుతూ లేస్తూ ఉంటే చిరాకంటాడు. కంపెనీవాడు కష్టపడి పెట్టిన తెలివిని డబ్బిచ్చి కొనుక్కుని ఆపేసుకోవడం నాకు అర్థం కాదు.

మా చేత ఆపించినవాళ్ళు డిపోలో ఉండేవాళ్ళు. ఆర్టీసీలో పనిచేసిన ఎవరినైనా అడగండి, కేఎంపీఎల్ అనగానే వీపు నిటారుగా పెడతారు. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క అది. లీటరుకు అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఆ అంకెలో చుక్క తర్వాత వచ్చే ఒక్క పాయింటు కోసం మా ఉద్యోగాలు నడిచేవి. డ్యూటీ దిగి బస్సు బంకు దగ్గర పెట్టగానే ఎంత పోశారో రాసేవాళ్ళు, కిలోమీటర్లతో భాగించేవాళ్ళు, పేరు పక్కన ఎక్కించేవాళ్ళు. నెల తిరిగేసరికి నోటీసు బోర్డు మీద ఎవరు పైన, ఎవరు కింద అన్నది డిపో అంతా చూసేది. బాగా తెచ్చినవాళ్ళకు ప్రశంస, అడుగున ఉన్నవాళ్ళకు పిలుపు. ట్రైనింగు వేరుగా ఉండేది, రేస్ చేయొద్దు, క్లచ్చు మీద కాలు ఉంచొద్దు, బ్రేకు వేసే అవసరం రాకుండా ముందే చూసుకుని తోలండి, ఆగితే ఆపండి. ఇన్‌స్ట్రక్టరుగా నేను చివరి మాటనే ఎక్కువసార్లు చెప్పేవాణ్ణి, ఎందుకంటే మిగతావాటికి నేర్పు కావాలి, దీనికి గుర్తుంటే చాలు.

పొదుపు పేరుతో తప్పుడు పనులూ జరిగేవి, అవి చెప్పకపోతే నా మాటకు విలువ లేదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి బండిని వదిలేసేవాళ్ళు కొందరు. ఇంకా తెగించినవాళ్ళు వాలు మీద ఇంజనే కట్టేసేవాళ్ళు. డీజిల్ మిగులుతుందని. దిగుడులో ఇంజను పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములు కాలిపోతాయి. ఇంజను ఆగితే గాలి తయారు కాదు, నాలుగు బ్రేకులు వేసేసరికి ట్యాంకు ఖాళీ. పవర్ స్టీరింగు ఉన్న బండైతే స్టీరింగు రాయి అవుతుంది. ఆ పని చేస్తూ దొరికినవాణ్ణి నేను బండి దించేసి కూర్చోబెట్టాను, ఎంత మంచి కేఎంపీఎల్ తెచ్చేవాడైనా సరే. కదిలే బండిలో ఇంజను ఆపడం చావు బేరం. నిలబడ్డ బండిలో ఇంజను ఆపకపోవడం దండగ. రెండూ వేరువేరని చెప్పడానికే ఇంత రాశాను, ఎందుకంటే ఫ్లైఓవరు దిగుతూ స్కూటీ ఆపేసి జారుకుంటూ వచ్చే పిల్లలను నిన్నమొన్న కూడా చూశాను.

ఇప్పుడు రోడ్డు మీద నిలబడి తిరుగుతున్న ఇంజన్లను అడిగేవాడు లేడు. సాయంత్రం చీకటి పడ్డాక లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేట, కూకట్‌పల్లి దాకా ఒకసారి నడవండి. బెంగళూరుకు, విజయవాడకు, తిరుపతికి పోయే ప్రైవేటు బస్సులు రోడ్డంచున వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో పాయింటులో అరగంట. లోపల ముగ్గురో నలుగురో ప్రయాణికులు, వాళ్ళ కోసం ఏసీ. ఏసీ వేసి నిలబెట్టిన పెద్ద బస్సు గంటకు రెండు మూడు లీటర్లు సులువుగా తాగుతుంది. మా లెక్కలో అది పది పదిహేను కిలోమీటర్ల డీజిల్. డబ్బు వాళ్ళది, పోనివ్వండి. ఆ పొగ గొట్టం సరిగ్గా ఇడ్లీ బండివాడి వైపు, పైనున్న కిటికీల వైపు, బస్టాపులో నిలబడ్డ జనం వైపు ఉంటుంది. డీజిల్ పొగ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో తేల్చి చెప్పింది. మా కాలంలో ఆ సంగతి తెలియదు. మా బస్సుల పొగ ఇప్పటి బస్సుల పొగకంటే నల్లగా ఉండేది, దాన్ని మేమే ఎక్కువ పీల్చాం. నా తోటివాళ్ళలో దగ్గు లేనివాడిని వెతకాలి. తెలిసిన తర్వాత కూడా ఇలా నిలబెట్టడం మాత్రం ఇప్పటివాళ్ళదే.

బడి సంగతి ఇంకా కడుపు మండిస్తుంది. నా మనవరాలిని తీసుకురావడానికి నేను నడిచే వెళ్తాను. బడి వదిలేది మూడున్నరకు. మూడింటికే కార్లు వచ్చి గేటు ముందు ఒకదాని వెనక ఒకటి చేరతాయి. ముందు చోటు దొరకాలని. అరగంట సేపూ అన్నీ స్టార్టింగులోనే, ఫోను చూసుకుంటూ. గంట కొట్టగానే పిల్లలు ఆ కార్ల మధ్యలోంచే బయటికి రావాలి. ఎల్‌కేజీ పిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో, కారు పొగ గొట్టం ఎంత ఎత్తులో ఉంటుందో ఒకసారి వంగి చూడండి. పెద్దవాళ్ళకు తగలని పొగ ఆ పిల్లల మొహాన కొడుతుంది. వాళ్ళు కార్ల వెనక నుంచి దాటుతుంటే డ్రైవరు అద్దంలో కూడా కనబడరు. మా పిల్లలు చదివేటప్పుడు బడి ముందు రిక్షాలుండేవి, సైకిళ్ళుండేవి, ఐసు పుల్లలబండి ఉండేది.

మన దేశంలో దీని మీద చట్టం అసలే లేదనుకుంటారు చాలామంది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ఒక మాట చెబుతుంది. డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి లేకుండా బండి రోడ్డు మీద నిలబడాలంటే ఇంజను ఆపి ఉండాలి, బ్రేకు వేసి ఉండాలి. బండి దొర్లిపోకుండా పెట్టిన నియమం అది, గాలి కోసం కాదు. అది కూడా పాటించేవాళ్ళేరీ. కూరగాయల కొట్టు ముందు బండి స్టార్టింగులో వదిలేసి, తాళంచెవి అలాగే ఉంచి, టమాటాలు ఏరుకుంటుంటారు. వెనక సీట్లో పిల్లవాడు కూర్చుని ఉంటాడు. అది చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి.

సీట్లో మనిషి ఉన్నా ఇంత సేపటికి మించి ఇంజను తిప్పకూడదని గడువు పెట్టిన ఊళ్ళు బయట దేశాల్లో చాలా ఉన్నాయి. టొరంటో 1996లోనే మూడు నిమిషాలని పెట్టింది, 2010లో దాన్ని ఒక్క నిమిషానికి తగ్గించింది. న్యూజెర్సీలో రాష్ట్రమంతా మూడు నిమిషాలు. మా పెద్దవాడి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ బడి ముందు ఆ బోర్డు చూశాను. మన తెలుగువాళ్ళే ఆ బోర్డు పక్కన కార్లాపి, ఇంజను కట్టేసి, కోట్లు కప్పుకుని పిల్లల కోసం కూర్చున్నారు. ఇక్కడ ఆపనివాళ్ళు అక్కడ ఆపుతున్నారంటే చేతకాక కాదన్నమాట. అక్కడా మనుషుల ఇబ్బంది చూశారు. బాగా గడ్డకట్టే చలిలో, మూడు గంటలకు పైగా నిలబడి ఉన్న బండికి పావుగంట దాకా వదిలిపెడతారు. న్యూయార్కులో మూడు నిమిషాలు, బడి పక్కనైతే ఒకటే నిమిషం. గడువు దాటి నిలబడ్డ లారీనో బస్సునో వీడియో తీసి పంపిన పౌరుడికి జరిమానాలో పాతిక శాతం ఇస్తారు. ఆ పద్ధతి మనకొద్దు. మన వీధుల్లో ఫోను పట్టుకుని డ్రైవరు మొహాన పెడితే జరిమానా రాకముందే గొడవ వస్తుంది, దెబ్బలు తినేది అద్దె బండి తోలుకునే పిల్లవాడు.

నాకు నచ్చింది హాంకాంగ్ పద్ధతి. 2011 డిసెంబరు నుంచి అక్కడ గంటలో మూడు నిమిషాలకు మించి ఇంజను తిప్పకూడదు, మించితే 320 హాంకాంగ్ డాలర్లు. ట్యాక్సీ స్టాండులో ముందున్న అయిదు ట్యాక్సీలకు వదిలారు, ఎందుకంటే అవి కదులుతూనే ఉండాలి. అక్కడి వాతావరణ శాఖ బాగా ఎండ హెచ్చరిక ఇచ్చిన రోజున నిబంధన వర్తించదు. ఎండలో మనిషి కారులో కూర్చోలేడని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. మన దగ్గర ఢిల్లీవాళ్ళు 2020 అక్టోబరులో ఎర్రలైటు పడితే బండి ఆపండని కూడళ్ళలో మనుషులను నిలబెట్టి, అట్టలు చూపించి బతిమాలారు. జరిమానా లేదు. శీతాకాలం వచ్చినప్పుడల్లా బతిమాలడమే అయింది, పక్కా నియమం కాలేదు.

మన హైదరాబాదుకు, విజయవాడకు, విశాఖకు గడువు కావాలని నేనూ అంటాను. కాకపోతే కాగితం మీద మూడు నిమిషాలని రాసేవాళ్ళు ముందు రోడ్డు మీద నాలుగు రోజులు నిలబడాలి. సిగ్నల్లో ఎంతసేపు పడుతుందో తెలిస్తే మనిషి ఆపుతాడు. అంకెలు తిరిగే టైమర్లు పెట్టారు, సగం చోట్ల వెలగవు, వెలిగినచోట పోలీసాయన చేత్తో వదులుతుంటాడు కాబట్టి ఆ అంకెకు, వదలడానికి సంబంధం ఉండదు. నలభై ఉన్నది ఠక్కున పచ్చ అవుతుంది. ఆపినవాడు సెల్ఫ్ కొట్టేలోగా వెనకవాళ్ళు హారను చెవిలో పెడతారు. తర్వాతి సిగ్నల్లో అతను ఆపుతాడా? పది సెకండ్లకు మించి నిలబడితే మళ్ళీ స్టార్టు చేయడానికయ్యే ఆయిలు కంటే తిప్పి ఉంచడానికే ఎక్కువ ఖర్చవుతుందని అమెరికాలో ఇంజన్ల మీద పరీక్షలు చేసి చెప్పారు. నేను పిల్లలకు అంత బిగించి చెప్పను. అరనిమిషం దాటేట్టుంటే ఆపు, లేదంటే వదిలెయ్యి అంటాను. పాత బ్యాటరీతో ఫ్లైఓవరు ఎక్కుడులో ఆపొద్దు అంటాను. దూరం నుంచి గట్టిగా తోలుకొచ్చిన టర్బో బండిని రాగానే కట్టేయొద్దు, ఒక్క నిమిషం తిరగనిస్తే టర్బోలో కాగిన నూనె చల్లబడుతుంది. ఆ నిమిషం నిజమైన అవసరం. దాన్ని చూపించి గంటసేపు తిప్పేవాళ్ళతోనే నా తగాదా.

అలాగే ఇంజనే పనిముట్టు అయిన బండ్లున్నాయి. కాంక్రీటు కలిపే లారీ డ్రమ్ము తిప్పడం ఆపితే లోపల గట్టిపడిపోతుంది. నీళ్ళ ట్యాంకరు పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. అంబులెన్సు, ఫైరింజను, ఐస్‌క్రీముల వ్యాను, మందుల వ్యాను, వీటిని వదలాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంది. ఊరికే నిలబెట్టి తిప్పితే అది మసితో మూసుకుపోయి, డ్యాష్‌బోర్డులో లైటు వెలిగి, బండిని షెడ్డుకు తీసుకుపోవాల్సి వస్తుంది. అంటే కొత్త డీజిల్ బండి యజమాని గాలి సంగతి వదిలేసినా తన జేబు కోసమైనా ఆపాలి. ఈ మాట షోరూములో బండి ఇచ్చేటప్పుడు ఎందుకు చెప్పరో. రిబ్బను కట్టి, ఫొటో తీసి, కొబ్బరికాయ కొట్టిస్తారు, ఇది మాత్రం చెప్పరు.

అసలు చిక్కు నాకు మా అపార్టుమెంటు గేటు దగ్గరే తెలిసింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఒక పెద్ద కారు గోడ పక్కన స్టార్టింగులో ఉంది. నేను పైనుంచి చాలాసేపుగా ఆ చప్పుడు వింటూ, ఇక ఉండబట్టక దిగి వెళ్ళాను. లోపల పాతికేళ్ళ పిల్లవాడు, చొక్కా తడిసి వీపుకు అంటుకుని ఉంది.

"ఎంతసేపాయె బిడ్డా?"

"గంటంబావు తాతా. సారు అయిదు నిమిషాలల్ల వస్త అన్నడు."

"బంద్ చెయ్యరాదా మరి?"

"సారు ఎక్కెటాళ్లకు కారు చల్లగ ఉండాలె తాతా. లేకుంటె తిడ్తడు. బంద్ చేసి యాడ కూసోవాలె, మీ వాచ్‌మెన్ లోపలికి రానిస్తలేడు."

నేను తిట్టడానికి దిగినవాణ్ణి, ఏమీ అనలేకపోయాను. ఎండ గోడ మీద పడి తిరిగి కొడుతోంది. చెట్టు లేదు, చూరు లేదు. మా సెల్లారులో ఒక్కో ఫ్లాటుకు రెండేసి కార్లకు చోటుంది. ఆ కార్లు తోలే మనుషులకు కూర్చునే చోటు లేదు, నీళ్ళు లేవు, ఒంటికి పోవడానికి దిక్కు లేదు. వాడికి కారే గొడుగు, కారే ఫ్యాను. ఇలాంటివాడి మీద మూడు నిమిషాల గడువు పెట్టి అయిదు వందలు రాస్తే ఆ రోజు కూలి పోయింది. ఏసీ ఆపొద్దన్న సారు పైన భోంచేస్తుంటాడు.

మేము ఎందుకు ఆపగలిగేవాళ్ళమంటే, ఆపి వెళ్ళడానికి మాకు చోటుండేది. ఏ డిపోకు వెళ్ళినా రెస్ట్ రూము ఉండేది. గొప్పగా ఉండేదని చెప్పను, మంచాలకు నవ్వారు సాగి ఉండేది, నల్లుల బాధ వేరే. అయినా పడుకోవడానికి మంచం, తాగడానికి కుండలో నీళ్ళు, స్నానానికి కుళాయి ఉండేవి. నైట్ హాల్టు ఊళ్ళల్లో ఆ వసతి లేకపోతే రచ్చబండ ఉండేది, వేపచెట్టు ఉండేది, సర్పంచి ఇంటి అరుగు ఉండేది. బస్సు ఆపి దిగిన డ్రైవరును ఎవరూ గేటు బయట నిలబెట్టలేదు, పిలిచి మజ్జిగిచ్చేవాళ్ళు. ఇప్పుడు ఈ నగరంలో లక్షలమంది డ్రైవర్లు రోజంతా ఎవరికోసమో ఎదురుచూస్తూ బతుకుతున్నారు. క్యాబులవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఆఫీసు బస్సులవాళ్ళు. ఫంక్షన్ హాలుకు వెయ్యిమంది భోజనాలకు వస్తే వాళ్ళను తెచ్చిన డ్రైవర్లు రాత్రి పన్నెండు దాకా కార్లల్లోనే ఉంటారు. అద్దాలు బిగించుకుని, ఏసీ వేసుకుని నిద్రపోతారు. సెల్లారు లాంటి గాలాడని చోట అలా పడుకుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడుకు ప్రాణమే పోతుంది. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోంచి లేవనివ్వదు. నేను కనబడ్డ ప్రతి డ్రైవరుకు ఈ ముక్క చెబుతుంటాను.

కాబట్టి గడువు పెట్టేవాళ్ళు రెండు పనులు దాంతోపాటే చేయాలి. సెల్లారుకు, పార్కింగుకు కొలతలు చూసి ప్లాను మంజూరు చేస్తున్నారు కదా, డ్రైవర్లు కూర్చునే గది, నీళ్ళు, మరుగుదొడ్డి లేకపోతే ఫంక్షన్ హాలుకైనా అపార్టుమెంటుకైనా ఆసుపత్రికైనా మంజూరు ఇవ్వొద్దు. జరిమానా ఎవరి పేరున బండి ఉందో వాళ్ళకు వెయ్యాలి, సీట్లో ఉన్నవాడికి కాదు. ట్రాఫిక్ చలాన్లు ఎలాగూ బండి నంబరు మీదే ఇంటికి వస్తున్నాయి, ఇదేం కొత్త కాదు. అద్దె బస్సైతే ట్రావెల్సు యజమానికి. బడి ముందైతే ఏ మినహాయింపూ అక్కర్లేదు, ఎండైనా వానైనా. ముందు బడుల దగ్గరే మొదలుపెట్టాలి. పది బడుల ముందు గట్టిగా నడిపితే ఊరంతటికీ అలవాటవుతుంది. హెల్మెట్టు అలాగే అలవాటైంది, మొదట్లో ఎంత గోల చేశారు.

కరెంటు బండ్లొస్తే ఈ బాధే ఉండదని మా అల్లుడంటాడు. నిజమే, విమానాశ్రయం రూటులో 2019 నుంచి కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. ఎక్కి చూశాను, ఆగితే చప్పుడు లేదు, పొగ లేదు, ఏసీ మాత్రం ఉంటుంది. ఊళ్ళో బండ్లన్నీ అలా మారేసరికి నా మనవరాలు కాలేజీ దాటుతుంది. ఎల్‌కేజీ ముక్కు ఎత్తు సంగతి ఇవాళ్టిది.

ఆ మే నెల మధ్యాహ్నం తర్వాత మా అపార్టుమెంటు మీటింగులో లేచి మాట్లాడాను. సెల్లారు మెట్ల కింద ఖాళీగా ఉన్న చోట డ్రైవర్లకు ఒక బెంచీ, ఫ్యాను, నీళ్ళ క్యాను పెట్టాలని, వాచ్‌మెన్ వాడే బాత్రూము వాళ్ళకూ తెరవాలని అడిగాను. దొంగతనాలు జరుగుతాయన్నారొకరు. ప్రతివాడూ వచ్చి కూర్చుంటాడన్నారింకొకరు. మన కారు తాళాలు, మన పిల్లల ప్రాణాలు వాళ్ళ చేతిలో పెడుతున్నాం, బెంచీ పెట్టడానికి భయమా అన్నాను. చాలాసేపు వాదన జరిగింది. చివరికి బెంచీ వేశారు, పాతదే అయినా ఫ్యాను బిగించారు, నీళ్ళ క్యాను ఖర్చు మెయింటెనెన్సులో కలిపారు. ఇప్పుడు మధ్యాహ్నం పూట అక్కడ నలుగురైదుగురు డ్రైవర్లు కూర్చుంటున్నారు, గోడ పక్కన కార్లు ఆపి ఉంటున్నాయి. కార్లు ఎక్కే సార్లు రెండు నిమిషాలు వేడి భరిస్తున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. బాత్రూము తాళంచెవి మాత్రం ఇంకా సెక్రటరీగారి దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు పెట్టారు, మొదటి అంశంగా అదే రాయించాను.